తిప్పిన గిన్నె

మజిలీ పదకొండు

నా పేరు దాలమ్మ. వయసు డెబ్బయి దాటింది, ఎంత దాటిందో అడగవద్దు. నా మీద మోపిన నేరం ముందే చెప్పేస్తాను. నేను చేసిచ్చిన రేకు డబ్బాల్లో వండుకు తినడం వల్ల మా వరసలో జనానికి చేతుల్లో పట్టు పోతోందట. ఇరవై ఆరో మజిలీలో గాలిబుట్ట ఎక్కే ముందు సభ పెట్టి తేలుస్తారట. తప్పు నాదని తేలితే బుట్ట ఎక్కనివ్వరు. కింద చల్లగదిలో కూచోబెట్టి, పొట్లాల తిండి పెట్టి, తలుపు వేస్తారు.

చల్లగది చావు కాదు. కొండ లోపల తొలిచిన గది. నీళ్ళుంటాయి, మంచం ఉంటుంది. పొయ్యి మాత్రం ఉండదు. పొయ్యి లేని చోట నాలుగు నెలలు నేనేం చేయను? గోడల్ని ఎంతకాలమని తిట్టను?

మా వరస పెద్ద పోలినాయుడు ఈ రాతపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు.

“సెప్పుకోవలసిందేదో దీనికి సెప్పుకో, పెద్దమ్మా. మజిలీ మజిలీకీ కొంత కొంత. సభ రోజున అందరం ఇంటాం.”

“దీనికి సెవులున్నాయేటిరా?”

“ఉన్నాయి. నీకున్నంత నోరు నేదు, అంతే.”

నాకు చదువు రాదు. చెప్పింది మళ్ళీ వినిపించమంటే బడిపంతులు మాట్లాడినట్టు వినిపించింది. మాట నాది కాదు గాని సంగతి నాదే. సరే, పోనీ.

వరస అంటే తెలియనివాళ్ళు వింటారేమో, చెబుతున్నాను. మేము సముద్రం ఒడ్డు జనం. ఎండలు ముదరక ముందే కొండ మీదికి నడుస్తాం, వానలు పడ్డాక దిగుతాం. ఎండాకాలంలో ఒడ్డున ఏ కప్పు కిందా మనిషి బతకడు. నూట నలభై మందిమి ఒకరి వెనక ఒకరం నడుస్తాం కనుక వరస అన్నారు. మా ముందు నాలుగు వరసలు పోయాయి. వెనక ఇంకా ఆరు వస్తున్నాయి. చివర ఒక లోయ ఉంది. దాన్ని తాడు మీద సాగే గాలిబుట్టలో దాటాలి. ఆ బుట్ట మనిషితో పాటు ఆరు కిలోల మూట మోస్తుంది. చారెడు ఉప్పు ఎక్కువైనా ఎర్రదీపం వెలిగించి కదలనంటుంది.

అందుకే మా బతుకంతా మడతల్లో ఉంటుంది. మంచం మడత, గొడుగు మడత, గిన్నె మడత. ఇంటికొక మడతగిన్నె ఇచ్చారు. విప్పితే నలుగురికి జావ కాగుతుంది. మడిస్తే తమలపాకుల కట్టంత. కోడిగుడ్డు కంటే తేలిక. దాన్ని ఎండ అద్దం ముందు పెడితే కర్ర లేకుండా, పొగ లేకుండా ఉడుకుతుంది.

ఎండ ఉన్నంతసేపే ఆ వైభవం. కొండ మొదలైతే మబ్బు కమ్ముతుంది, అద్దం ఊరికే ఆకాశాన్ని చూస్తుంది. అప్పుడు అందరికీ దాలమ్మ గుర్తొస్తుంది. దారిలో పాత డబ్బా కనిపిస్తే నేను వదలను. నిప్పులో ఎర్రగా కాల్చి, బూడిదతో తోమి, అంచు లోపలికి మడిచి, కింద చిల్లులు పెడితే పొయ్యి. పెట్టకపోతే గిన్నె. గుప్పెడు పుల్లలకే నీళ్ళు మరుగుతాయి. అలాంటివి ఈ ఏడు పద్నాలుగు ఇళ్ళకు చేసిచ్చాను. ఇప్పుడు అవే నన్ను బోనెక్కించాయి.

మజిలీ పదమూడు

కోపం రెండు రోజులకు తగ్గింది. తగ్గాక కుతూహలం పట్టుకుంది. నిజంగా నా డబ్బాలే చేస్తున్నాయా? చేస్తుంటే ఎలా చేస్తున్నాయి?

జబ్బు ఇలా ఉంటుంది. మొదట నాలుక మీద తియ్యగా, ఇనుము నాకినట్టు ఉంటుంది. తరవాత చిగుళ్ళ మీద నల్లని గీత. ఆ పైన చేతిలోది జారిపోతుంది. అందరికంటే ఎక్కువగా ఉన్నది పోలినాయుడి పెళ్ళాం ఎర్రయ్యమ్మకు. నిన్న ఆమె నీళ్ళతిత్తి పట్టుకోలేక మూడుసార్లు జారవిడిచింది. నడకలో నీళ్ళతిత్తి జారడం చిన్న సంగతి కాదు.

నేను ఇల్లిల్లూ తిరిగాను. ఇల్లంటే మాకు గొడుగు. ఈ ఏడు ఏడో మజిలీ దగ్గర చింతచెట్లు దొరికాయి. నలభై ఏళ్ళుగా పులుపు ఎరగని వరసకు నేనే పులుసు కాచడం నేర్పాను. అందరి మూటల్లోనూ చింతపండే. గింజలు నా కొంగులో పోగయ్యాయి. వాటితో లెక్క పెట్టాను. జబ్బున్న గొడుగుకు గింజ కుడివైపు, నా డబ్బా ఉన్న గొడుగుకు ఎడమవైపు, రెండూ ఉంటే మధ్యన.

కుడివైపు అయిదు. ఎడమవైపు పది. మధ్యన నాలుగు.

నా డబ్బాలు ఉన్న పద్నాలుగు ఇళ్ళలో పది ఇళ్ళవాళ్ళు దుక్కల్లా ఉన్నారు. నా డబ్బా గడప తొక్కని అయిదు ఇళ్ళలో జబ్బుంది. అందులో పోలినాయుడి ఇల్లు ఒకటి. అతడు మొదటినుంచీ నా డబ్బాలను ముట్టుకోనివ్వలేదు.

గింజలు పట్టుకెళ్ళి అతడి ముందు పరిచాను.

“ఇదేటి, పెద్దమ్మా? పచ్చీసాటకి ఒచ్చినావా?”

“నీ ఇంట్ల నా డబ్బా నేదు. నీ ఆడదానికి జబ్బెలగొచ్చినాది?”

“ఎవలింట్లో తాగిన టీ నీళ్ళవల్లో. నాకేటి తెలుసు?”

“తెలీకపోతే సబెందుకెట్టినావు?”

పోలినాయుడు లేచిపోయాడు. ఆ రోజే వరసలో ఉన్న నా డబ్బాలన్నీ ఏరించి సంచిలో కట్టించాడు. నావి రెండు మాత్రం సాక్ష్యానికి ఉండాలని నా దగ్గరే వదిలాడు. మబ్బులోకి నడవబోతున్నాం. ఇక అద్దాలు ఎండ కోసం ఎదురుచూస్తూ కూచుంటాయి. నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు.

మజిలీ పద్నాలుగు

ఈ రోజు అందరిముందు ఒక మాట అన్నాను. సభ దాకా నా తిండి నా రెండు డబ్బాల్లోనే. జావ, పులుసు, మరిగించిన నీళ్ళు, అన్నీ. మడతగిన్నె మూట అడుగున కట్టేశాను. డబ్బాలో విషం ఉంటే ముందు నాకే ఎక్కాలి కదా.

బంగారమ్మ పక్క గొడుగులో ఉంటుంది. నా ఈడుది. నా మాట నెగ్గితే ఆమెకు అజీర్తి చేస్తుంది.

“సస్తే మరి?” అంది.

“సస్తే నా జాగాలో నువ్వు రెండు గొడుగులేసుకో.”

“నీ డబ్బాలు కూడా నాకే ఒగ్గెయ్యి. మొక్కలేసుకుంటాను.”

“మొక్కలెక్కడెడతావే, ఆరు కిలోల్లో?”

“నీ బరువు తగ్గుద్ది కదా,” అంది. వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నాలుక బాగానే ఉంది. ఇంట్లో జబ్బు లేదు. అది కూడా మనసులో లెక్క వేసుకున్నాను.

మజిలీ పదహారు

మబ్బు. అద్దాలు దండగ. పోలినాయుడు డబ్బాలు ఏరించాడు గనక జనం పచ్చి చోడిపిండి, అదే రాగిపిండి, నీళ్ళలో కలుపుకు తాగుతున్నారు. పొద్దున్న నలుగురు ఆడవాళ్ళు నా గొడుగు ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు. డబ్బా అడగడానికి మొహం చెల్లలేదు.

“అడ్డాకులు తెండి,” అన్నాను.

మా అమ్మ అడ్డాకు విస్తళ్ళు కుట్టి నన్ను పెంచింది. మడత నాకు ఇనుము నుంచి రాలేదు, ఆకు నుంచి వచ్చింది. రెండాకులు పరిచి, నాలుగు మూలలు ఎత్తి, పుల్ల గుచ్చితే దొప్ప. దాని నిండా నీళ్ళు పోసి నిప్పుల మీద పెట్టాను. ఆడవాళ్ళు కళ్ళు పెద్దవి చేసి చూశారు. ఆకు అంచు మాడింది గాని నీళ్ళు తాకిన మేర ఆకు కాలలేదు. కాసేపటికి బుడబుడమంటూ బుడగలు లేచాయి.

“ఓలమ్మో, ఆకు కాల్లేదేటి!”

“నీళ్ళు కాలనివ్వవు. నీళ్ళకి ఆకంటే ముద్దు.”

ఎందుకు కాలదో నాకు నిజంగా తెలియదు. చిన్నప్పటి నుంచీ ఆశ్చర్యమే. తెలియకపోయినా ప్రతిసారీ అంతే జరుగుతుంది. తెలియనిది కూడా మాట మీద నిలబడుతుందన్న ధైర్యం నాకు అక్కడే వచ్చింది.

ఇంకో సంగతి. నా డబ్బాలు సంచిలోకి పోయి మూడు మజిలీలయ్యింది. జబ్బు తగ్గలేదు. కొత్తగా ఇంకో ఇంట్లో మొదలైంది. కుడివైపు ఆరు గింజలు.

మజిలీ పద్దెనిమిది

ఈ పెట్టెకు ఒక అబద్ధం చెప్పాను. నోటితో కాదు, నోరు మూసుకుని చెప్పాను. దాన్ని విప్పుతున్నాను.

జబ్బు నాకూ ఉంది. పదో మజిలీ నుంచీ వేళ్ళ కొసలు మొద్దుబారాయి. రేకు మడిచేటప్పుడు గాడి ఎక్కడుందో కంటితో చూసి మడుస్తున్నాను. అంతకు ముందు నేను కళ్ళు మూసుకుని మడిచేదాన్ని. ముసలితనం అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. నా చేతులకు జబ్బు చేసిందని తెలిస్తే పోలినాయుడు, “అదిగో, ఎక్కువ డబ్బాలు ముట్టుకున్నది తనే కదా,” అంటాడు. ఆ మాట పడడం ఇష్టం లేక దాచాను.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, నేను డబ్బాల్లో తినడం మొదలుపెట్టి అయిదు రోజులయ్యింది. ఇంకా ముదురుతుందా, ఇలాగే ఉంటుందా అని రోజూ పొద్దున్నే ఒక పరీక్ష పెట్టుకుంటున్నాను. కళ్ళు మూసుకుని కొంగులోంచి ఒక చింతగింజ, ఒక గులకరాయి తీసి ఏది ఏదో చెప్పాలి. నిన్న తప్పు చెప్పాను. ఈ రోజూ తప్పే.

మజిలీ ఇరవై ఒకటి

ఒప్పు.

రెండోసారి తీశాను, ఒప్పు. పదిసార్లు తీశాను, తొమ్మిది ఒప్పులు. బంగారమ్మను పిలిచి నా ముందు కూచోబెట్టాను.

“నా సేతిల ఏటెట్టినా సెబుతాను. ఎట్టు.”

“నీకు పిచ్చి ముదిరినాది,” అంటూనే గుండీ పెట్టింది. చెప్పాను. సూది పెట్టింది. సూది అని చెప్పి, దాని కన్ను ఏ పక్కనుందో కూడా చెప్పాను. తరవాత మెత్తగా ఏదో పెట్టింది. గొంగళిపురుగు. నేను వేసిన కేకకు వరస మొత్తం లేచి నిలబడింది.

వేళ్ళు తిరిగొస్తున్నాయి. పోలినాయుడి లెక్క ప్రకారం అవి ఈపాటికి పూర్తిగా చచ్చిపోవాలి.

పగలంతా నడుస్తూ ఆలోచించాను. పద్నాలుగో మజిలీ నుంచి నేను మానేసింది ఏమిటి? ఉప్పు మానలేదు. అదే చోడిపిండి. అందరితో పాటు అదే వాగు నీళ్ళు. పులుసు రోజూ కాచుకుంటున్నాను. మానేసింది ఒకటే. మూట అడుగున కట్టేసిన మడతగిన్నె.

కాని మడతగిన్నె అందరికీ ఉంది. బంగారమ్మకూ ఉంది. ఆమెకు గొంగళిపురుగులు పట్టుకునే ఓపిక కూడా ఉంది. మరి ఆమె గిన్నెకూ నా గిన్నెకూ ఏమిటి తేడా?

నాది లచ్చన్న గిన్నె. లచ్చన్న నా మొగుడు, పోయి ముప్పై ఎనిమిదేళ్ళు. నాది తిప్పిన గిన్నె.

మజిలీ ఇరవై రెండు

తిప్పడం అంటే మా వరసల్లో అందరికీ తెలుసు, అయినా చెప్పాలి. మనిషి పోతే ఆ ఇంటి గిన్నెను ఎండలో వేడి చేసి, అడుగు మీద బొటనవేళ్ళతో నొక్కి, లోపలిది బయటికి, బయటిది లోపలికి తిప్పేస్తాం. పన్నెండు మడతలు ఒక్కొక్కటీ టిక్కుమంటూ తిరుగుతాయి. ఆ తరవాత అది పోయినవాళ్ళ గిన్నె. మూత వేసే వండుతాం. అందులోకి ఎవరూ తొంగిచూడరు, చూస్తే పోయినవాళ్ళ మొహం కనిపిస్తుందని అంటారు. తిప్పిన గిన్నె ఆలస్యంగా ఉడుకుతుంది. పెద్దవాళ్ళది కదా, నిదానం అనుకుంటాం.

ఈ పొద్దున్న మబ్బు విడిచి కాస్త ఎండ పడింది. లచ్చన్న గిన్నె విప్పి, మూత తీసి, వెలుగులో పెట్టి లోపలికి చూశాను. ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి. ఏ మొహమూ కనిపించలేదు.

మడతగిన్నెకు బయట నలుపు పూస్తారు, ఎండ పట్టడానికి. లోపల తెలుపు. తిప్పితే నలుపు లోపలికి వస్తుంది. లచ్చన్న గిన్నెలో నలుపు పైఅంచు దగ్గర ఉన్నది ఉన్నట్టు ఉంది. పులుసు నిలిచే మట్టం నుంచి కిందికి మాత్రం నలుపు లేదు. చీడ తిన్న ఆకులా బొక్కలు బొక్కలుగా తినేసి ఉంది. పులుపు తిన్నది. పులుపును నేను తిన్నాను.

ముప్పై ఏడేళ్ళు చప్పిడి జావ కాచుకున్నాం. జావకు నలుపు కరగలేదు. ఈ ఏడు చింతపండు దొరికింది. దాలమ్మ పులుసు నేర్పింది.

పరుగున ఎర్రయ్యమ్మ గొడుగు దగ్గరికి వెళ్ళాను. ఆమె అత్తగారి గిన్నె అద్దం ముందు పొగలు కక్కుతోంది. మూత ఎత్తాను. ఎర్రయ్యమ్మ వెనక్కి జరిగింది. పోలినాయుడు మాత్రం ఎక్కడినుంచో ఊడిపడ్డాడు.

“మాయమ్మ గిన్నెలోకి తొంగి సూస్తావా? నీకు మతుందా, పెద్దమ్మా?”

“నువ్వూ సూడరా. సూసి మాటాడు.”

“సూడను.”

“అందుకే నీ ఆడదాని సేతులు పోతన్నాయి.”

అతడు చెయ్యెత్తాడు. నా మీదికి కాదు, గాలిలోకి. ఆ చేతిని ఏం చేయాలో తెలియక తల గోక్కున్నాడు. “సబలో సెప్పు,” అని వెళ్ళిపోయాడు.

ఎర్రయ్యమ్మ అతడు పోయేదాకా ఆగి, మెల్లగా గిన్నె వైపు వంగి చూసింది.

“పెద్దమ్మా, నల్లటిదేటి పోనాది?”

“నీ కడుపులోకి పోనాది.”

ఆమె పులుసు నేల మీద వంచేసింది. చేతుల్లో పట్టు లేక సగం తన కాళ్ళ మీదే పోసుకుంది.

సాయంత్రం గింజలు మళ్ళీ పరిచాను. ఇప్పటికి జబ్బున్న ఇళ్ళు పది, నాది కలుపుకుంటే పదకొండు. పదకొండూ తిప్పిన గిన్నెలే. తిప్పిన గిన్నె ఉండీ జబ్బు లేని ఇల్లు ఒకటే. వాళ్ళకు చింతపండంటే పళ్ళు పులుస్తాయట, పులుసు కాచరట.

మజిలీ ఇరవై నాలుగు

గెలిచాను కదా, ఇక నిద్రపోవచ్చు కదా అని ఈ పెట్టె అనుకుంటుందేమో. సభలో నేను చెప్పవలసింది ఇంకా ఉంది. అది చెప్పకుండా కూడా బుట్ట ఎక్కవచ్చు. నిన్నంతా దాన్ని గురించే నాతో నేను తగవు పడ్డాను. ఇక్కడ చెప్పేస్తే మళ్ళీ వెనక్కి తీసుకోలేను కనక చెబుతున్నాను.

గిన్నె తిప్పడం మొదలుపెట్టింది నేనే.

లచ్చన్న మూడో ఏటి నడకలో పోయాడు. ఎండ కొట్టి, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే. కట్టె చుట్టూ తిరిగి కుండ పగలగొట్టాలి. కుండేదీ? మట్టికుండలు మోసే కాలం పోయింది. మడతగిన్నెనే నీళ్ళతో నింపి ఇచ్చారు. రాతికేసి కొట్టాను. పగలలేదు. ఎగిరి వెళ్ళి మా ఆడపడుచు మోకాలికి తగిలింది. ఆమె ఏడుపు ఆపి నన్ను తిట్టడం మొదలుపెట్టింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఎగిరింది. ఎవరో కిసుక్కుమన్నారు. నా మొగుడి చావు దగ్గర నవ్వు! ఆ కోపంలో గిన్నెను మోకాళ్ళ మధ్య పెట్టుకుని బలంగా నొక్కాను. టిక్కుమని తిరిగింది. పన్నెండు మడతలూ తిప్పేశాను. “ఇది పగిలినట్టే, ఇది లచ్చన్న తిన్న గిన్నె కాదు,” అన్నాను. ఎవరూ నవ్వలేదు. అందరికీ అది సరిగ్గా ఉన్నట్టు తోచింది. మరుసటి ఏడు ఇంకో ఇంట్లో తిప్పారు. ఆ తరవాత వేరే వరసల్లో కూడా. మూత తియ్యకూడదన్నది ఎవరు కలిపారో నాకు తెలియదు, అది నాది కాదు.

ఇంకా ఉంది. గిన్నెలు పంచిన రోజున ఇచ్చిన మనిషి చెప్పాడు. “నలుపు ఎప్పుడూ బయటికే ఉండాలమ్మా,” అన్నాడు. నేను ముందు నిలబడి విన్నాను. ఎండ కోసమే అనుకున్నాను. తిప్పిన రోజున ఆ మాట గుర్తుంది. ఆలస్యంగా ఉడుకుతుంది, అంతే కదా అనుకున్నాను.

మజిలీ ఇరవై ఆరు

సభ అయ్యింది. ఈ పెట్టె నేను చెప్పినదంతా మొదటినుంచీ వినిపించింది. గొంగళిపురుగు దగ్గర నవ్వారు. ఇరవై నాలుగో మజిలీ దగ్గర ఆ నవ్విన వాళ్ళే తమ మూటల్లోని గిన్నెల వైపు చూశారు.

అయిపోయాక పోలినాయుడు లేచాడు.

“డబ్బాల నేరం దాలమ్మ మీద నేదు,” అన్నాడు. “రెండోదాని సంగతి నాను సెప్పలేను. మాయమ్మ పోయినపుడు నాను తిప్పినాను. ఎవలు సెప్పితే తిప్పినాను? ఎవలూ సెప్పనేదు. అందరూ తిప్పుతారు, నానూ తిప్పినాను.”

“ఇపుడు ఎనక్కి తిప్పు,” అన్నాను.

ఎవరూ కదలలేదు. నేను అనుకోనిది అదే. నలుపు లోపలుంటే విషమని చెబితే చాలు, పన్నెండు గిన్నెలూ ఒక్కసారిగా టిక్కుటిక్కుమంటాయనుకున్నాను. మిగతా పదకొండు ఇళ్ళవాళ్ళూ గిన్నెలను రొమ్ముకు ఆనించుకుని నిలబడ్డారు. ఒకామె ఏడుస్తూ అంది: “మా నాయన్ని మళ్ళీ మొదటికి తెమ్మంటావా? మళ్ళీ సంపుకోమంటావా?”

 

ఎర్రయ్యమ్మ లేచింది. అత్తగారి గిన్నె ఎండ అద్దం ముందు పెట్టి వేడెక్కించింది. నొక్కబోతే బొటనవేళ్ళకు బలం చాలలేదు. రెండుసార్లు జారింది. మొగుడి వైపు చూసి, “మీయమ్మదే కదా. నువ్వు పట్టు, నాను నొక్కుతాను,” అంది.

అతడు పట్టుకున్నాడు. ఆమె వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి నొక్కాడు. ఒక మడత తిరిగింది. అంత పెద్ద మనిషి, “అమ్మా,” అన్నాడు, ఎవరినో పిలిచినట్టు. పన్నెండూ తిరిగేదాకా ఆగలేదు. తరవాత ఒక్కొక్కరుగా వచ్చారు. కొందరికి నేను పట్టుకున్నాను. కొందరు నన్ను ముట్టుకోనివ్వలేదు, అది వాళ్ళ హక్కు. నలుపు పోయిన గిన్నెలు ఇక ఎండను సరిగా పట్టవు. పోలినాయుడు తనే సంచి విప్పి నా డబ్బాలు తిరిగి పంచాడు. లచ్చన్నది నేనే తిప్పాను. ఒక్కదాన్నే, కళ్ళు మూసుకుని.

“మరింక ఎవలేనా పోతే ఏటి సెయ్యాల?” అని బంగారమ్మ అడిగింది. వెక్కిరింపుగా కాదు, నిజంగా అడిగింది.

“నాకు తెల్దు. ఒకటి నాను ఎట్టినాను, సూసినావు కదా. ఇంకోటి మీరు ఆలోసించండి. ఆలోసించేముందు దానివల్ల ఏటౌద్దో అడగండి.”

మజిలీ ఇరవై ఆరు, రెండో రోజు

వెనక వస్తున్న ఆరు వరసలకూ పెట్టెలో కబురు పంపాం. వాళ్ళ మూటల్లోనూ అదే చింతపండు. వాళ్ళ ఇళ్ళలోనూ తిప్పిన గిన్నెలు. అయిదు వరసలు జవాబే ఇవ్వలేదు. ఒకటి ఇచ్చింది: “మా వోళ్ళ గిన్నెలమీద సెయ్యేస్తే ఆ సెయ్యి ఇరిసేస్తాం.”

పోలినాయుడు తల పట్టుకున్నాడు. “పెట్టె సెబితే ఇంటారేటి? ఎవలేనా మనిసి సెప్పాల.”

అందరూ ఎవరివైపూ చూడకుండా నిలబడ్డారు. నేనూ మొదట ఎవరివైపూ చూడలేదు. బుట్ట తాడు కీచుమంటోంది. అవతలి కొండ మీద చల్లని గాలి, తడి నేల, పొయ్యి పెట్టుకునేందుకు నా రాళ్ళు. పదిహేను రోజులుగా నేను పోట్లాడింది ఆ బుట్టలో చోటు కోసమే. చోటు దొరికింది.

“నానుంటాను,” అన్నాను. “సివరి వరసతో ఎక్కుతాను.”

“అప్పటికి ఎండొచ్చీస్తాది, పెద్దమ్మా. సివరి వరస రావడానికి ఇరవై రోజులు.”

“ఎండ పడితే సల్లగది నేదేటి? నన్నందులో కూకోబెడతానన్నది నువ్వే.”

“నీ మాట ఇంటారా మరి?”

“నాను మొదలెట్టినాను. నా మాట ఇనకపోతే ఇంకెవలి మాటింటారు? ఇనకపోతే తిడతాను. ఆరు వరసల్ని తిట్టడానికి ఇరవై రోజులు సాలవు గానీ.”

ఎర్రయ్యమ్మ నా చేతిలో ఉప్పు పొట్లం పెట్టింది. ఈసారి జారలేదు. గట్టిగా పట్టుకుని పెట్టింది.

బుట్ట నూట ముప్పై తొమ్మిది మందిని దాటించింది. చివర బంగారమ్మ ఎక్కింది. వెళ్తూ వెళ్తూ నాకు ఏదో అరిచింది. గాలికి వినపడలేదు. తిట్టే అయ్యుంటుంది.

మజిలీ ఇరవై ఆరు, అయిదో రోజు

వరస వస్తోంది. దుమ్ము కనిపిస్తోంది. ముందు ఒక ఆడమనిషి నడుస్తోంది. నలభై ఉంటాయేమో. మూట పైన గిన్నె కట్టుకుంది. ఎండలో తెల్లగా మెరుస్తోంది. అంటే తిప్పినదే. నన్ను చూసి ఆగింది.

“ఎవలివి? ఒక్కదానివే కూకున్నావేటి? మీవోళ్ళు ఒగ్గీసిపోనారా?”

“ఆ గిన్నె ఎవలిది?”

ఆమె చెయ్యి వెనక్కి పెట్టుకుంది. “మాయమ్మది.”

“సేతులు సూపించు.”

చూపించలేదు. కాని నడిచొస్తున్నప్పుడు నీళ్ళతిత్తిని ఆమె రెండు చేతులతో, వేళ్ళు వేళ్ళలో మెలిపెట్టి పట్టుకున్న తీరు నేను చూశాను. జారిపోతుందని తెలిసినవాళ్ళు అలాగే పట్టుకుంటారు.

“కూకో,” అన్నాను. “మీయమ్మ పేరేటి?”

“రవణమ్మ.”

“ఎలగుండేది, సెప్పు. మొత్తం సెప్పు. తొందర నేదు.”

ఆమె నన్ను చూసింది, గిన్నెను చూసింది. నా ఎదురుగా కూచుంది. మూట దించింది.

పెట్టె ఇక ఆపుతున్నాను. ఆమె చెబుతోంది.